లక్ష్మణఫలము - రాచపుండు

సీతాఫలము మనకు కొత్తది కాదు. ఏటేట పండ్లకాలము రాగానే బాలానగరు సీతాఫలములు గంపలలో హైదరాబాదు వీథులకు చేరును. వాని గింజలను నూరి తలకు పట్టించి పేలను చంపుటయు, ఆ పొడి కంటబడినచో చూపునకే మోసమని పెద్దలు హెచ్చరించుటయు మన యిండ్లలో ఎరిగిన సంగతియే. ఈ హెచ్చరికను మనసున నుంచుకొని, సీతాఫలమునకు దాయాది యగు లక్ష్మణఫలపు కథను శ్రోతలకు విన్నవింపదలచితిమి. రాచపుండునకు, అనగా క్యాన్సరునకు, ఇది దివ్యౌషధమని నేడు పలువురు నమ్ముచున్నందున ఈ కథ తెలియుట అవసరము.

ఈ వృక్షమునకు పుట్టినిల్లు ఉష్ణమండల అమెరికా. స్పెయిను దేశపు చరిత్రకారుడు ఒవియేదో 1526లోనే దీనిని వర్ణించినాడు. 1753లో లిన్నేయసు దీనికి ‘అనోనా మ్యూరికాటా’ అని పేరిడెను. పండుపై నుండు ముండ్లవంటి మొనలను బట్టి వచ్చిన పేరది. ఓడలపై సముద్రములు దాటి ఈ చెట్టు మన దేశమునకును వచ్చినది. సీతారాముల పేర్లు అప్పటికే దాయాది పండ్లకు చెల్లిపోయినందున కాబోలు, దీనికి లక్ష్మణుని పేరు దక్కినది. అమెరికా ఖండపు పల్లెలలో దీని ఆకుల కషాయమును జ్వరమునకును, నిద్ర పట్టుటకును తరతరములుగా వాడుచుండిరి.

శాస్త్రజ్ఞుల దృష్టి ఈ కుటుంబముపై నిలుచుటకు 1982 ముఖ్యమైన సంవత్సరము. ఈ కుటుంబమునకే చెందిన వేరొక మొక్క వేళ్ళనుండి ‘ఉవారిసిన్’ అను పదార్థమును ఆ యేట వేరుచేసిరి. అసిటోజెనిన్లు అను పదార్థముల వరుసలో అదియే మొదటిది. పిదప అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయమున జెర్రీ మెక్‌లాలిన్, ఆయన సహచరులు ఇట్టివానిని పెక్కింటిని కనుగొనిరి. ఇవి పనిచేయు తీరు విచిత్రము. మన దేహమందలి కణములకు శక్తినిచ్చు పొయ్యివంటిది మైటోకాండ్రియా. అసిటోజెనిన్లు ఆ పొయ్యిని ఆర్పివేయును. ఎడతెగక పెరుగు రాచపుండు కణములకు శక్తితో అక్కర యెక్కువ గనుక అవియే ముందుగా కూలునని పరిశోధకులు ఆశించిరి. 1996లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, లక్ష్మణఫలపు గింజలనుండి తీసిన ఒక పదార్థము పెద్దప్రేగు క్యాన్సరు కణములపై, అడ్రియామైసిన్ అను మందుకంటె 10,000 రెట్లు తీవ్రముగా పనిచేసినట్లు తేలినది.

ఈ సంఖ్యయే లోకమున ప్రాకినది. అయితే ఆ కణములు గాజుపాత్రలోనివి. రోగి దేహములోనివి కావు. ఆ పదార్థము గింజలనుండి శుద్ధిచేసినది. ఆకుల కషాయము కాదు. ప్రచారము చేయువారు ఈ రెండు మాటలను విడిచిపెట్టిరి.

ఇక పొయ్యి ఆర్పు గుణము రాచపుండు కణములవద్దనే ఆగునా? కరిబియను సముద్రమందలి గ్వాడెలూపు ద్వీపవాసులు ఈ పండును తినుట, ఆకుల కషాయమును త్రాగుట పరిపాటి. 1999లో అచటి వైద్యులు వణుకువాతమువంటి లక్షణములు గల 87 మందిని పరిశీలింపగా, అందు పెక్కుమందికి సామాన్యమైన పార్కిన్సన్ వ్యాధికి భిన్నమైనది, ఆ వ్యాధి మందులకు లొంగనిది పట్టుకొన్నట్లు తేలినది. దీనికిని ఈ ఫలముల వాడుకకును సంబంధ మున్నదని వారు శంకించిరి. 2004లో ఈ చెట్టునందలి ‘అనోనాసిన్’ను ఎలుకలకు ఎక్కింపగా వాని మెదడు కణములు నశించినవి. పేలమందు విషయమున మన పెద్దలు చేసిన హెచ్చరిక ఇచట జ్ఞప్తికి రాక మానదు.

మొక్కలనుండి రాచపుండునకు మందు రాదని మేము చెప్పుట లేదు. మన పెరళ్ళలోని బిళ్ళగన్నేరునే చూడుడు. కెనడాలో నోబుల్, బీర్ అనువారు మధుమేహమునకు మందు వెదకుచు, దానినుండి విన్‌బ్లాస్టిన్‌ను వేరుచేసి 1958లో ప్రకటించిరి. అది రోగులపై పరీక్షింపబడి, మోతాదు నిర్ణయింపబడి, ఆసుపత్రులకు చేరినది. లక్ష్మణఫల మింకను ఆ మెట్టు ఎక్కలేదు. అది రాచపుండును కుదుర్చునని మనుష్యులపై జరిపిన పరీక్షలలో నేటికిని ఋజువు కాలేదు.

కావున ఆకుల కషాయమును నమ్మి చికిత్సను వాయిదా వేయుట తగదు. తొలిదశలో కుదురగల రాచపుండు, గడచిన నెలలలో కుదురనిది కావచ్చును. ఇంట ఎవరేని ఈ కషాయమును త్రాగుచున్నచో, ఆ సంగతిని దాచక వైద్యునితో చెప్పవలసినదిగా శ్రోతలను కోరుచున్నాము.