సిలువ: సిగ్గుపడే మాట గుర్తుగా మారిన కథ



ఈ వారం ఒక్క మాట గురించి చెప్పుకుందాం. ఆ మాట సిలువ. ఇది సిరియాక్ భాష నుంచి మన దక్షిణాది భాషల్లోకి వచ్చిందంటారు. మీలో గల్ఫ్‌లో ఉంటున్నవారు అరబ్బీలో 'సలీబ్' అన్న మాట వినే ఉంటారు. రెండిటి మూలం ఒకటే.

ఇప్పుడు మెడలో గొలుసుకు వేసుకుంటున్నాం గానీ, రెండు వేల ఏళ్ల కిందట రోమన్ సామ్రాజ్యంలో మర్యాదస్తులు ఈ మాట ఎత్తడానికే ఇష్టపడేవారు కాదు. అది ముఖ్యంగా బానిసలకూ తిరగబడ్డవాళ్లకూ వేసే శిక్ష. క్రీ.పూ. 71లో స్పార్టకస్ తిరుగుబాటును అణిచాక, పట్టుబడిన 6,000 మందిని కాపువా నుంచి రోమ్ దాకా దారి పొడవునా సిలువ వేశారు. దారిన పోయేవాళ్లు చూసి హడలిపోవాలనే అలా చేశారు. క్రీ.పూ. 63లో సిసెరో ఒక కేసు వాదిస్తూ, ఆ మాట రోమన్ పౌరుడి చెవినే పడకూడదన్నాడు.

అలాంటి చావు చచ్చిన మనిషిని దేవుడని మొక్కితే లోకం నవ్వదా? నవ్వింది. రోమ్‌లో పాలటైన్ కొండ మీద 1857లో ఒక గోడ మీది గీత బయటపడింది. అది సుమారు క్రీ.శ. 200 నాటిదని చాలామంది పండితుల అంచనా. అందులో సిలువ మీద గాడిద తలతో ఒక మనిషి ఉంటాడు. పక్కన ఒకడు చెయ్యెత్తి మొక్కుతుంటాడు. అలెక్సమెనోస్ అనేవాడు తన దేవుణ్ణి కొలుస్తున్నాడని గ్రీకులో రాసి ఉంటుంది.

మరి తొలి క్రైస్తవ రచయితలు ఈ సిగ్గును దాచారా? దాచలేదు. సుమారు క్రీ.శ. 55లో కొరింథు వారికి రాసిన ఉత్తరంలో పౌలు, ఈ సిలువ మాట యూదులకు అడ్డంకిగానూ ఇతరులకు వెర్రితనంగానూ తోస్తుందని తానే ఒప్పుకున్నాడు. దేవుడి బలం అక్కడే ఉందని కూడా అన్నాడు.

రెండో శతాబ్దంలో అంతియొకయ బిషప్ ఇగ్నేషియస్‌ను శిక్షకోసం రోమ్‌కు తీసుకుపోతున్నారు. దారిలో ఎఫెసు వారికి ఉత్తరం రాస్తూ ఆయన సిలువను, గుడి కట్టేటప్పుడు రాళ్లను పైకెత్తే యంత్రంతో పోల్చాడు. ఆ రాళ్లు మనుషులే.

సుమారు 155లో జస్టిన్ ఏకంగా చక్రవర్తి ఆంటొనైనస్ పయస్‌కే విన్నపం రాశాడు. ఓడ తెరచాప కొయ్య చూడండి, నాగలి చూడండి, చేతులు చాచి నిలబడ్డ మనిషిని చూడండి, అన్నిటిలో ఆ ఆకారమే ఉందన్నాడు. చివరికి మీ సైన్యం మోసే జెండా కర్రల్లోనూ అదే ఉందన్నాడు. తమను శిక్షించే ప్రభువుతో ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలి!

మూడో శతాబ్దం మొదట్లో, ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో ఉన్న టెర్టూలియన్ తమవాళ్ల అలవాటు చెప్పాడు. గడప దాటినా, చెప్పులు తొడిగినా, స్నానం చేసినా, భోజనానికి కూర్చున్నా, దీపం పెట్టినా నుదుటి మీద ఆ గుర్తు గీసుకునేవారట. గమనించండి, అది వేలితో గీసే గుర్తే. మినూషియస్ ఫెలిక్స్ అనే మరో రచయిత పుస్తకంలోనైతే, మేం సిలువలను పూజించం అని క్రైస్తవుడి చేతనే చెప్పించాడు.

312లో కాన్‌స్టాంటైన్ గెలిచాక కథ మలుపు తిరిగింది. రాజ్యం చంపడానికి వాడిన కొయ్య ఆ రాజ్యానికే చిహ్నమైంది. ఆ శతాబ్దంలోనే సిలువ శిక్ష ఆగిపోయింది. రోమ్‌లోని సాంటా సబీనా చర్చి చెక్క తలుపుల మీద సిలువ వేసిన దృశ్యం 430ల ప్రాంతంలో చెక్కారు. అందరికీ కనిపించేలా చెక్కిన తొలి దృశ్యాల్లో అదొకటి. ఆ శిక్షను కళ్లారా చూసిన తరం అప్పటికి లేదు.

మీ పిల్లలు ఎప్పుడైనా సిలువ అంటే ఏమిటని అడిగితే, మీ మతం ఏదైనా సరే, ఈ సంగతి చెప్పండి. ఆ చిన్న బంగారు ముక్క వెనక 6,000 మంది బానిసలు వేలాడిన దారి ఉంది. వెక్కిరించిన మాటనే తలెత్తుకుని పలికిన మనుషులూ ఉన్నారు.

వచ్చే వారం మళ్లీ కలుద్దాం. సెలవు.