గుడి గోడ మీది జనం మాట

మాది వాడిపట్టి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. "నాయకరాజుల వెంట వచ్చినోళ్లం మనం" అని మా అవ్వ గొప్పగా చెబుతుంది. నేనూ అట్లే చెప్పుకునేవాణ్ణి.

జపాన్ చరిత్రకారుడు నొబొరు కరషిమా (1933–2015) తమిళ శాసనాల్లో రాజుల గొప్పలకన్నా భూమి ఎవరిది, పన్ను ఎవరు కట్టారు అని వెతికారు. 2013లో మన దేశం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. ఆయనా, సుబ్బరాయలు గారూ కలిసి పరిశీలించిన శాసనాల్లో 1429 నాటివి ఉన్నాయి. మధురకు నాయకరాజులు రావడానికి సుమారు నూరేళ్ల ముందటివి అవి. విజయనగర అధికారుల పన్నులు ఓర్వలేక, కావేరి ప్రాంతపు వలంగై, ఇడంగై జనం ఏకమై, అన్యాయపు పన్ను కట్టమని గుడి గోడల మీద చెక్కించారు.

ఇది అవ్వకు చెప్పాను. కాసేపు ఊరుకుంది. "పన్ను అడిగినోళ్లలో మనోళ్లూ ఉండారేమోరా" అంది.

మనం వచ్చిన కథతోబాటు, ముందునుంచీ ఇక్కడున్నవాళ్ల కథా మన చరిత్రే.