తడిగుడ్డ కింద

నెల్లూరు నుంచి మైపాడు దారి పట్టామంటే ముందు వరిచేలు, తర్వాత రొయ్యల గుంటలు. గుంటల్లో చక్రాలు గిరగిరా తిరుగుతూ నీళ్ళు చిమ్ముతుంటాయి. బకింగ్‌హాం కాలవ దాటాక గాలి మారుతుంది, పెదవి తడుపుకుంటే ఉప్పగా తగులుతుంది. సరుగుడు తోపు పక్కన, తాటిచెట్ల వరస మొదట్లో చెప్పులు విడిచి రండి. ఉదయం ఆరున్నరే కదా, ఇసక ఇంకా చల్లగా ఉంది.

మే నెల. పడవలు ఒడ్డున వరసగా పడుకుని ఉన్నాయి. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మోటారు పడవలు వేటకు పోకూడదు. వేటే బతుకైన ఇంటికి ఇది చేతిలో డబ్బు సన్నగిల్లే కాలం, ఆ సంగతి మరిచిపోయి ఈ జాలరి ఇంటి ముంగిట్లో కూర్చోవడం తప్పు. అయితే ఇంటిల్లిపాదీ పగటిపూట ఒకచోట ఉండే కాలం కూడా ఏడాది మొత్తంలో ఇదొక్కటే. పిల్లలకూ బడి లేదు.

ముంగిట్లో ముగ్గురు, మూడు పనులు. వేపచెట్టు కింద అవ్వ తాటాకు చీలుస్తోంది. ఆమె కొడుకు కాలి బొటనవేలికి వల తగిలించుకుని, తెగిన కళ్ళు అల్లుతున్నాడు. గడప మీద కోడలు తాంబాళంలో మైదా కలుపుతోంది. గోరువెచ్చటి నీళ్ళలో తాటిబెల్లం కరిగించి, ఈస్టు వేసి పక్కన పెట్టింది, అది నురగ కడుతోంది. ఆమె చేతిలోది ఉదయగిరి కొయ్య గరిటె. అదీ ఈ జిల్లాదే, అక్కడి దుర్గం కొండల చుట్టూ దొరికే కొయ్యతో చెక్కింది. వాడీ వాడీ అంచు ఒకవైపే అరిగింది, ఆమె ఎటు కలుపుతుందో ఆ అరుగుదల చూసి చెప్పొచ్చు.

అవ్వ పక్కన కూర్చోండి. లేత మొవ్వాకు ఎండితే పాలరంగుకి తిరుగుతుంది. ఈనె తీసేసి, బొటనవేలి గోటితో గాటు పెట్టి లాగితే చీలిక దారంలా తిన్నగా వస్తుంది. ఆరిందంటే మడత దగ్గర పుటుక్కున విరుగుతుంది, అందుకే చీలికల మీద తడిగుడ్డ. కోడలు పిండి ముద్ద మీద కూడా తడిగుడ్డే కప్పింది, పైన పెచ్చు కట్టకుండా.

"ఏం మే, గుడ్డ ఆరిపోతా ఉండాది. కాసిని నీళ్ళు చల్లు."

"ఏ గుడ్డత్తా?"

"రెండూ."

ఈ రెండు గుడ్డల మధ్య కూర్చున్న పిల్ల ఐదో తరగతి ముగించింది. ఇవాళ్టి పనికి కారణం ఈ పిల్లే. అవ్వ బుట్ట అంచు అల్లుతుంటే చూసి, నిన్న రాత్రి తన జడ విప్పుకుంటూ అడిగిందట: "రొట్టెని ఇట్టా అల్లితే కాల్చినా విడిపోకుండా ఉంటాదా?" ఉంటుంది. యూదుల ఇళ్ళల్లో సబ్బాతు కోసం అచ్చం జడలాగే అల్లి కాల్చే రొట్టె ఉంది, హల్లా అంటారు. పిల్లకు ఆ సంగతి తెలీదు. తాటాకు చూసి తనే ఆ ఊహ దగ్గరికి నడిచి వచ్చింది. నాకు అదే ముద్దొస్తోంది.

ఈ ఎండకు పిండి ముప్పావు గంటలోనే రెట్టింపు పొంగింది. గాలిలో చెమ్మ ఎక్కువ కాబట్టి నీళ్ళు తగ్గించి కలపాలని కోడలు రెండు రొట్టెలు చెడగొట్టుకుని నేర్చుకుంది. పిల్ల ముద్దను నాలుగు తాళ్ళుగా సాగదీసింది. అవ్వ వంగి, వేలు పెట్టి చూపించింది: ఒకటి పైకి, ఒకటి కిందికి, అంచుది లోపలికి. పిల్ల తాటాకు లాగినట్టే బిగించి లాగింది. తాడు నడుమ సన్నబడి తెగింది. మళ్ళీ అతికించింది, మళ్ళీ తెగింది. కళ్ళల్లో నీళ్ళు.

తండ్రి వల పక్కన పెట్టాడు. లేచి రాలేదు, కూర్చున్నచోటు నుంచే రెండు వేళ్ళతో వల కన్ను ఒకటి విప్పి పట్టుకున్నాడు. "ఇది చూడు పాపా. బిగించేస్తే పిల్ల చేప కూడా బయటికి పోలేదు. పోవాలని సందు ఇడిచిపెడతాం. నీ పిండి ఇంకా పెరగాల గదా? దానికీ సందియ్యి."

ఈ మాట వంట పుస్తకంలోంచి వచ్చింది కాదు, వల అల్లే చేతికి తట్టింది. ఆకు అల్లితే చివరిదాకా అంతే ఉంటుంది, పిండి అల్లాక కూడా ఊపిరి తీస్తూనే ఉంటుంది. పిల్ల ఈసారి ప్రతి మలుపులో చిటికెనవేలు దూర్చి, ఆ సందు ఉంచి అల్లింది. వంకరగా ఉంది కానీ తెగలేదు. మళ్ళీ తడిగుడ్డ.

ఓవెన్ లేదు. పెద్ద కుక్కర్ అడుగున ఇస్కపల్లి కళ్ళుప్పు రెండు దోసిళ్ళు పోసి, రబ్బరూ విజిలూ తీసేసి పావుగంట కాచారు. ఉప్పు వేడి పట్టి పెట్టుకుని నెమ్మదిగా వదులుతుంది. దాని మీద మూడుకాళ్ళ పీట, పీట మీద రొట్టె గిన్నె. ఇట్లా కాలిస్తే ఒక చిక్కు: అడుగు కాలుతుంది, పైన తెల్లగా ఉండిపోతుంది. దాని విరుగుడు అవ్వది. పొయ్యిలోంచి కొబ్బరి చిప్పల నిప్పులు పట్టకారుతో తీసి మూత మీద పరిచింది, దమ్ బిర్యానీకి పరిచినట్టు. కాసేపటికి తాటిబెల్లం కాలే వాసన ముంగిలంతా కమ్ముకుంది. గట్టిగా పీల్చండి, అందులో కొంచెం పొగ, కొంచెం సముద్రం కూడా ఉన్నాయి.

రొట్టె కాలేలోగా అవ్వ నోట వచ్చే మాట నెల్లూరు స్వర్ణాల చెరువు గురించే. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర, చెరువు నీళ్ళలో దిగి రొట్టెలు మార్చుకుంటారు. ఆరోగ్య రొట్టె, సంతాన రొట్టె, చదువు రొట్టె, ఇట్లా కోరికకో పేరు. కోరిక ఉన్నవాళ్ళు, అది తీరినవాళ్ళ చేతిలోంచి రొట్టె అందుకుంటారు. తమది తీరాక మళ్ళీ వచ్చి ఇంకొకరికి ఇస్తారు. హిందువులు, ముస్లింలు, ఎక్కడెక్కడి వాళ్ళో. "యా రొట్టె ఎవురు చేసిందో అడగం," అంటుంది అవ్వ. "నీళ్ళల్లో నిలబడి చెయ్యి చాపతాం, అంతే."

చేతుల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి: మైపాడు ఉన్న ఇందుకూరుపేట మండలంలోనే పెన్న ఒడ్డున పల్లిపాడు ఉంది. 1921 ఏప్రిల్ 7న గాంధీ అక్కడ పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని ప్రారంభించారు. ఆశ్రమం అనగానే నాకు మొదట రాట్నమే గుర్తొస్తుంది, నూలు వడికే చేతులు. ఈ ఇంటికి ఆ ఆశ్రమంతో చుట్టరికమేమీ లేదు. కానీ ముంగిట్లో ఒకరి చేతిని ఇంకొకరు చూస్తూ కూర్చోవడం చూస్తే నా మనసు అటే పోతోంది.

మూత తీశారు. పైన ఎర్రగా, మలుపుల్లో లేతగా, ఒక పక్క కొంచెం మాడింది. చిటికెనవేలు దూర్చిన సందులన్నీ పొంగి పూడుకుపోయాయి, కానీ జడ గీతలు నిలిచాయి. పిల్ల ముట్టుకోలేదు, ఊదుతోంది. తండ్రి వల వదిలి దగ్గరికి వచ్చి, చేతులు పంచెకు తుడుచుకుని నిలబడ్డాడు.

"ఆగండి, తుంచమాకండి," అంది అవ్వ. తడిగుడ్డ కింద నుంచి పొడుగాటి చీలిక ఒకటి తీసి రొట్టె చుట్టూ తిప్పింది. రెండు కొసలు కలిసిన చోట గోటితో నొక్కి గుర్తు పెట్టుకుంది. తర్వాత ఆరు చీలికలు ఒళ్ళో అడ్డంగా పరిచి, ఏడోదాన్ని నిలువుగా దూర్చి, ఆ కొలతకు బుట్ట అడుగు మొదలుపెట్టింది.