నియంత అప్పు, ఆర్థికవేత్త పదవి

ఒక ఆర్థికవేత్త మంత్రి అయితే ఏమి చేయగలడు? జవాబును అతని పాండిత్యంలో కన్నా అతని చేతికి వచ్చిన ఖజానా చరిత్రలో వెతకాలని నా అభిప్రాయం. 2017 నుంచి 2022 వరకు సోమాలియా ఆర్థికమంత్రిగా ఉన్న అబ్దిరహ్మాన్ దువాలె బైలె జీవితం ఇందుకు మంచి నిదర్శనం.

బైలె దీర్ఘకాలం ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకులో పనిచేశారు. 2014లో విదేశాంగమంత్రి అయ్యారు. మూడేళ్ళ తర్వాత ఆర్థికశాఖ చేపట్టేనాటికి, తాను కొలువు చేసిన ఆ బ్యాంకుకే తన దేశం బాకీపడి ఉంది. ప్రపంచ బ్యాంకుకూ, అంతర్జాతీయ ద్రవ్యనిధికీ కూడా బాకీయే. 2018 చివరికి మొత్తం విదేశీ ఋణం సుమారు 520 కోట్ల డాలర్లు.

ఈ అప్పు ఎవరు చేశారు? బ్రిటిషు, ఇటాలియన్ పాలనలలో ఉండిన రెండు ప్రాంతాలు 1960 జూలై 1న ఒకే స్వతంత్ర దేశమయ్యాయి. 1969 అక్టోబరులో సేనాధిపతి సియాద్ బర్రె అధికారం చేజిక్కించుకున్నాడు. శాస్త్రీయ సోషలిజం పేరు చెప్పి సోవియట్ ఆయుధాలు తెచ్చుకున్నాడు. 1977లో ఒగాడెన్ కోసం ఇథియోపియా మీదికి సేనను నడిపాడు. సోవియట్ యూనియన్ ఇథియోపియా పక్షం వహించగానే అమెరికా పంచన చేరాడు. 1988లో హర్గీసా నగరం మీద, అంటే తన ప్రజల మీదనే, బాంబులు కురిపించాడు. ఎర్రజెండా ఎత్తినంత మాత్రాన నియంత ప్రజల మనిషి కాడని అభ్యుదయవాదులమైన మనం మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. 1991 జనవరిలో అతడు రాజధాని విడిచి పారిపోయాడు. రాజ్యం కూలిపోయింది గాని వడ్డీ ఆగలేదు. విదేశీ ఋణంలో అధికభాగం ఆ పాలననాటి అసలు, దానిమీద పేరుకున్న బకాయిలే.

బైలె ఎదుర్కొన్న చిక్కుముడి ఇది. బకాయి తీరిస్తే తప్ప ఋణమాఫీ విచారణ మొదలు కాదు. తీర్చడానికి డబ్బు లేదు. బకాయి ఉన్నంతకాలం ఆ సంస్థలు కొత్త నిధులివ్వవు. చివరకు మూడు దేశాలు వారధి అప్పులిచ్చాయి. ప్రపంచ బ్యాంకు బకాయికి నార్వే, ఆఫ్రికా బ్యాంకుకు బ్రిటన్, ద్రవ్యనిధికి ఇటలీ. పాత బాకీ చెల్లగానే ఆ సంస్థలు కొత్త నిధులు విడుదల చేశాయి. వాటితో వారధి అప్పులు తీరాయి. 2020 మార్చిలో మాఫీకి దారి తెరుచుకుంది. ఇంత తతంగం నడిపినా ఒక్క పాఠశాల కట్టినట్టు కాదు. ఖాతా శుభ్రపడింది, అంతే.

అయితే ఈ పనిని తేలిక చేయడం కూడా అన్యాయమే. దేశీయ ఆదాయం 2017లో సుమారు 14 కోట్ల డాలర్లు. 2019 నాటికి సుమారు 23 కోట్లు. సైనికుల వేలిముద్రలు నమోదు చేసి, జీతం నేరుగా వారి ఖాతాకు పంపే పద్ధతి వచ్చింది. మధ్యలో దళపతులు జీతాలు మింగే మార్గం అంతమేరకు మూసుకుంది. కాని అదే కాలంలో అల్ షబాబ్ కూడా వర్తకుల దగ్గరా రైతుల దగ్గరా పన్ను వసూలు చేస్తూనే ఉంది. రెండు ప్రభువులకు పన్ను కట్టే రైతుకు ఏ మంత్రి ప్రావీణ్యం ఏమి ఊరట?

బైలె పదవి 2022లో ముగిసింది. మాఫీ పూర్తయింది 2023 డిసెంబరులో. మొత్తం సుమారు 450 కోట్ల డాలర్ల భారం తగ్గుతుందని లెక్క. రష్యా 2023లో 68 కోట్ల డాలర్ల పైచిలుకు, అమెరికా 2024లో 114 కోట్ల డాలర్లు రద్దు చేస్తున్నట్టు ప్రకటించాయి. సియాద్ బర్రె ఒకరి తర్వాత ఒకరిగా ఆశ్రయించిన ఇద్దరు పోషకుల పద్దులూ ఆ ప్రకటనలలో బయటపడ్డాయి.

దీన్ని ఔదార్యమనడానికి నేను ఒప్పుకోను. ప్రజల అనుమతి లేకుండా, ప్రజలనే అణచడానికి నిలిచిన పాలన చేసిన అప్పు ప్రజల అప్పు ఎలా అవుతుంది? ఈ ప్రశ్నను ఋణదాతల బల్ల ముందు అడిగే అవకాశం ఆర్థికమంత్రికి లేదు. వాళ్ళ నిబంధనలు పాటించి బయటపడే అవకాశం మాత్రమే ఉంది. ఆ ఇరుకులో బైలె నేర్పుగా పనిచేశారు. అప్పిచ్చినవారిని ప్రశ్నించే పని మాత్రం మంత్రులది కాదు, ప్రజలది.