మా ఆర్కెస్ట్రా పుస్తకంల చక్రి

2001కి ముందు మా ఆర్కెస్ట్రా పాటల పుస్తకం తెరిస్తే ప్రతి పేజీల కోటి, కీరవాణి, మణిశర్మ, ఎస్.వి. కృష్ణారెడ్డి పేర్లే. గోదావరిఖని చౌరస్తల దసరా ప్రోగ్రాం గానీ, మంచిర్యాల గణేశ్ మండపం గానీ, కరీంనగర్ల రిసెప్షన్ గానీ, యాడ వాయించినా వాళ్ల పాటలే. వాళ్లు కోస్తాల పుట్టినోళ్లు, కాకుంటే మద్రాసుల పెరిగినోళ్లు. పాట రాసుడుల మాకు పెద్ద పేరుండె. వేములవాడ దగ్గరి హనుమాజీపేట నుంచి పోయిన సినారె 1962ల ‘గులేబకావళి కథ’తోనే సినిమాను పట్టేసిండు. బాణీ కట్టుడు మాత్రం మన దిక్కోళ్ల పని గాదన్నట్టు ఉండేది. నేను కీబోర్డు మీద చెయ్యి పెట్టిన కాలంల మా మాస్టర్లు సుత అదే అనెటోళ్లు.

ఆ మాట తప్పని తేల్చింది గిల్లా చక్రధర్. అందరికీ చక్రి. 1974 జూన్ 15న మహబూబాబాద్ పక్క కంబాలపల్లిల పుట్టిండు. అప్పుడది వరంగల్ జిల్లా, మాది కరీంనగర్. అయినా కోల్‌బెల్ట్ స్టేజీల మీద ఆయనను “మనోడే” అని చెప్పుకున్నం. వయొలిన్ నేర్చుకున్నడు, ప్రైవేటు ఆల్బంలు చేసిండు, ఆఖరికి 2000ల పూరి జగన్నాథ్ ‘బాచి’ ఇచ్చిండు. సినిమా ఆడలే. మరుసటేడు అదే డైరెక్టరు, అదే చక్రి ‘ఇట్లు శ్రావణి సుబ్రహ్మణ్యం’ చేసిన్రు. ఆ సినిమాల హరిహరన్, కౌసల్య పాడిన యుగళం లేకుంట ఆ ఏడు మేం స్టేజీ దిగలే. ఎంత ఆలస్యమైనా చిట్టీలు అదే పాటకు వచ్చేటియి.

ఆ పాటలు మాకెందుకు నచ్చినయో వాయించెటోడిగ చెప్త. మణిశర్మ పాట వాయించాల్నంటే చిన్న ఊరి ఆర్కెస్ట్రాకు చెమటలు పట్టేటియి. వెనుక తీగ వాద్యాలు ఎన్నో పొరలుంటయి, మాకున్నది ఒక కీబోర్డు, ఒక రిథమ్ ప్యాడ్, ఒక గిటారు. చక్రి పాటల పల్లవి మామూలు గొంతుకు అందుతది. కోరస్ జనం సుత అందుకుంటరు. బీటు ప్యాడ్ మీద ఉన్నదున్నట్టు పలుకుతది. ఇది చవక సంగీతం అన్నోళ్లున్నరు. నేనైతే అనను. నలుగురున్న టోలీ నిలబడి వాయించగలిగే పాట కట్టుడు సుత విద్యే. చక్రి తన పాటలు కొన్ని తనే పాడుకునెటోడు. బాలు గొంతు గాదు, గని మా సింగర్లకు “నేను సుత పాడొచ్చు” అన్న ధైర్యం ఆ గొంతే ఇచ్చింది.

2002ల ‘ఇడియట్’, 2003ల ‘అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి’, ‘శివమణి’, ‘సత్యం’, 2007ల ‘దేశముదురు’, 2008ల ‘కృష్ణ’. రవితేజ సినిమా పడ్డదంటే మా బరాత్ బ్యాండోళ్లు వారంలనే ట్రంపెట్ మీద పట్టేటోళ్లు. 14 ఏండ్లల 80కి పైగ సినిమాలు. అంత జోరుల కొన్ని బాణీలు ఒకదానికొకటి అన్నదమ్ముల లెక్క వినపడ్డయి, అది దాచేదేం లేదు. కాలం సుత ఆయనకు కలిసొచ్చింది: సినిమా పాట మద్రాసు స్టూడియోలను వదిలి హైదరాబాద్‌కు వచ్చింది, పెద్ద వాద్య బృందం జాగల కంప్యూటరు కూసున్నది. ఆ మార్పు లేకుంటే మహబూబాబాద్ పిల్లగానికి ఆ తలుపు అంత తొందరగ తెరుసుకోకపోయేది.

ఇంకో ముచ్చట. డైరెక్టరు వంశీకి ‘అవును వాళ్లిద్దరూ ఇష్టపడ్డారు’, ‘గోపి గోపిక గోదావరి’ చేసింది చక్రే. వంశీ గోదారి కథలకు మానుకోట (మహబూబాబాద్) పిల్లగాడు బాణీలు కట్టిండు, ఎవ్వలకూ ఎబ్బెట్టు అనిపించలే. అయినా గోదారి బాసర, ధర్మపురి, మంచిర్యాల, మంథని దాటినంకనే గద పాపికొండలకు పోయేది!

గని నాకు ఒక కొరత ఉన్నది. ఒగ్గు డోలు, డప్పు, బుడగ జంగాల బుర్ర, ఇవన్ని చుట్టూ వినపడే నేల మీద పుట్టినోడు, ఆయన పెద్ద హిట్లల వాటి జాడ నాకు దొరకలే. తప్పు ఆయనదనను. అప్పటి సినిమాల తెలంగాణ యాస హాస్యగానికో, రౌడీకో ఇచ్చెటోళ్లు. యాసకే విలువ లేనికాడ డోలుకు ఎవడిస్తడు? 2011ల ఎన్. శంకర్ ‘జై బోలో తెలంగాణ’కు చక్రి సంగీతం ఇచ్చిండు. అప్పుడు గద్దర్ గొంతు, ఈ నేల దరువు ఆయన చేతికి దొరికినయి. ఆయన పనిల నాకు అన్నిటికంటె గట్టిగ నిలిచేది అదే, 2010 ‘సింహా’కు నంది వచ్చినా సరే.

2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. అదే ఏడు డిసెంబర్ 15న హైదరాబాద్‌ల గుండె ఆగి చక్రి పోయిండు. 40 ఏండ్లు. అప్పటికే మా ధంద సుత ఒరిగిపోతున్నది. లగ్గాల బరాత్‌కు డీజే బాక్సులొచ్చినయి, ట్రంపెట్లు అటకెక్కినయి, బెల్లంపల్లి, కాగజ్‌నగర్ దిక్కు ప్రోగ్రాంలు తగ్గినయి.

2023ల సిరిసిల్ల వేణు ఎల్దండి ‘బలగం’ తీసిండు, భీమ్స్ సంగీతం. ఆఖర్ల కథ మొత్తాన్ని మోసింది బుడగ జంగాల కొమురమ్మ, మొగిలయ్య దంపతుల పాట. హన్మకొండ కాసర్ల శ్యామ్‌కు ఆ సినిమా పాటకే జాతీయ అవార్డు వచ్చింది. మన దరువుతోని సినిమా ఆడుతదని నమ్మే నిర్మాత చక్రికి 2002ల దొరకలే. భీమ్స్‌కు దొరికిండు. ఇద్దరి నడుమ తేడా ప్రతిభల లేదు, కాలంల ఉన్నది.