పోలీసు టీము ఏదీ?

2024 ఏప్రిల్‌లో 'మైదాన్' విడుదలైన వారంలోనే సికింద్రాబాదులో చూశాను. హాలు సగం కూడా నిండలేదు. జకార్తాలో ఆఖరి ఆట ముగిసి దీపాలు వెలిగాక, ముందు వరసలో ఒక ముసలాయన కళ్ళు తుడుచుకుంటూనే పక్కనున్న కుర్రవాణ్ణి అడిగాడు: "అంత మంచిగనే ఉంది గని, మన పోలీస్ టీమ్ ఏదిరా?" కుర్రవాడికి ఆ ప్రశ్నే అర్థం కాలేదు. సినిమా నడుస్తున్నంతసేపూ నాలో మసలుతున్న అసంతృప్తికి మాత్రం ఆ ప్రశ్నతో ఒక రూపం వచ్చింది. 'యథార్థ గాథ' అని ముందే చాటుకుని వచ్చే ఈ ఫుట్‌బాల్ చిత్రాలు యథార్థంలో దేన్ని ఉంచుకుంటాయి, దేన్ని వదిలేస్తాయి? చరిత్రను ఇతివృత్తంగా తీసుకునే రచయితలం గనక ఇది మనకూ తగిలే ప్రశ్నే.

సినిమాను తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. దాని కథానాయకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో పుట్టాడు. ఉస్మానియాలో చదివాడు. బడిపంతులుగా పనిచేశాడు. 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో స్వర్ణ పతకం తెచ్చిన జట్లకు ఆయనే శిక్షకుడు. 1963 జూన్ 11న కాన్సర్‌తో చనిపోయాడు. దేశం దాదాపు మరిచిపోయిన ఒక హైదరాబాదు ముస్లిం ఉపాధ్యాయుణ్ణి, ఇవాళ్టి వాతావరణంలో, ఒక పెద్ద తార చేత నటింపజేసి తెరమీద నిలబెట్టడం తక్కువ పనేమీ కాదు. ఆ మేరకు ఆ చిత్రం తీసినవారికి నా నమస్కారం.

అయితే కథ ఎక్కడ మొదలైందో చూడండి. 1952 హెల్సింకీ ఒలింపిక్స్. యుగోస్లావియా చేతిలో పదికి ఒకటి గోల్స్ తేడాతో ఓటమి. మన ఆటగాళ్ళలో చాలామంది ఉత్త కాళ్ళతో ఆడారు. అక్కణ్ణించి పదేళ్ళకు జకార్తా స్వర్ణం. ఓటమి, అవమానం, పంతం, గెలుపు అనే నిచ్చెనకు ఇంతకంటే అనువైన మొదటి మెట్టు దొరకదు. కాని అంతకు ఏడాది ముందే, 1951లో, ఢిల్లీలో ఇరాన్‌ను ఒక గోల్‌తో ఓడించి ఇదే రహీం జట్టు స్వర్ణం గెలిచింది. కథ అక్కడ మొదలైతే నిచ్చెన నిలవదు. గెలిచినవాళ్ళు మరుసటి ఏడే ఎందుకంత ఘోరంగా ఓడారని అడగవలసి వస్తుంది. అప్పుడు బూట్ల సంగతి, మైదానాల సంగతి, కూటి సంగతి మాట్లాడాలి. సినిమా ఆ బరువు ఎత్తుకోలేదు. దానికి బదులు ఒక విలేఖరినీ, సమాఖ్యలో ఒక అధికారినీ కుట్రదారులుగా నిలబెట్టింది. క్రీడా సంఘాల్లో కుట్రలు ఉండవని ఎవరూ అనరు. కాని అడ్డంకి కుట్ర ఒక్కటే అయినప్పుడు పరిష్కారం ఒక్క మనిషి సంకల్పమే అవుతుంది. అప్పుడిక సమాజంతో పనిలేదు.

ముసలాయన అడిగిన పోలీసు జట్టు ఈ చట్రానికి వెలుపల ఉండిపోయింది. హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. డ్యూరాండ్ కప్పు 1950, 1954, 1957లలో గెలిచి, 1961లో ఆంధ్ర పోలీసు అనే కొత్త పేరుతో మరోసారి గెలిచింది. దాన్ని తీర్చిదిద్దినవాడు రహీమే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు ఆస్ట్రేలియాను నాలుగుకు రెండుతో ఓడించి, చివరికి నాలుగో స్థానంలో నిలిచింది. ఆస్ట్రేలియా మీద మూడు గోల్స్ కొట్టిన నెవిల్ డిసౌజా బొంబాయివాడు. కాని ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహమ్మద్ హుస్సేన్, లతీఫ్, జుల్ఫికరుద్దీన్, తంగరాజ్, బలరాం ఈ జంటనగరాల మట్టిలో ఆట నేర్చినవాళ్ళు. ఒక్క ఊరినుంచి ఇంతమంది ఒక్కసారిగా ఎలా వచ్చారు? దీనికి జవాబు ఒక మహానుభావుడి ప్రతిభలోనే దొరకదు.

రహీం పద్ధతిలో నన్ను బాగా ఆకట్టుకున్న సంగతి ఒకటుంది. కుర్రవాళ్ళకు ఆయన పెట్టిన పోటీల్లో కొన్నింటిలో బంతిని ఒక్కడే కాళ్ళతో ఆడిస్తూ తీసుకుపోవడం నిషిద్ధం. అందుకున్నవాడు వెంటనే తోటివాడికి అందించాల్సిందే. మరికొన్నింటిలో అలవాటు లేని కాలితోనే తన్నాలి. అంటే ఒంటరి విన్యాసాన్ని మాన్పించి జట్టును తయారు చేయడమే ఆ పంతులు జీవితకాలపు పాఠం. సినిమా ఆయన్ని ఏం చేసింది? బంతి మరెవరికీ అందకుండా చివరిదాకా ఆయన ఒక్కడి కాళ్ళ దగ్గరే ఉంచింది. ఆయన నేర్పిన ఆటకు ఇంతకంటే వ్యతిరేకమైన శిల్పం ఉండదు.

తులసీదాస్ బలరాం సంగతి తీసుకుందాం. సికింద్రాబాదు కంటోన్మెంటు పక్కన అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబంలో 1936లో పుట్టాడు. పాత పోలీసు బూట్ల తోలుతో చెప్పులు కుట్టేవాడి చేత తన మొదటి ఆట బూట్లు చేయించుకున్నానని ఆయనే చెప్పుకున్నాడు. శిక్షణకు వచ్చిపోవడానికి సైకిలు అద్దె డబ్బులు రహీం ఇచ్చేవాడట. సినిమా అడగవలసిన ప్రశ్నలన్నీ ఆ బూట్లలోనే ఉన్నాయి. కంటోన్మెంటు ఉంది గనక మైదానం ఉంది. పోలీసు శాఖ ఉంది గనక పారేసిన బూట్లున్నాయి. ఆట బాగా ఆడితే కానిస్టేబులు కొలువు దొరుకుతుంది గనక అమ్మ ఆడుకోనిచ్చింది. 1948 సైనిక చర్య తరువాత కొలువులు పోయిన ముస్లిం కుటుంబాలు ఈ నగరంలో అనేకం. అటువంటి బస్తీలలో నెలజీతం వచ్చే పోలీసు జట్టులో చోటు అంటే ఇంటిల్లిపాదికీ కూడు.

ఇక్కడ నాకూ, నాబోటి వాళ్ళకూ ఇబ్బంది మొదలవుతుంది. ఈ జట్టు మొదటి రోవర్స్ కప్పు గెలిచిన 1950లో తెలంగాణ పల్లెల్లో పోలీసూ సైన్యమూ రైతుల మీద ఏం చేస్తున్నాయో మన సాహిత్యం చెబుతూనే ఉంది. సాయుధ పోరాటం 1951 అక్టోబరులోగాని ఆగలేదు. 1952 సెప్టెంబరులో ముల్కీ ఉద్యమంలో ఈ నగరం నడిబొడ్డునే విద్యార్థులపై పోలీసు కాల్పులు జరిగాయి. ఆ ఏడాది కూడా రోవర్స్ కప్పు నగర పోలీసుదే. బంతి తన్నిన కాళ్ళే పల్లెలకు కవాతు చేశాయని నేననడం లేదు. కాని ఖాకీ గుడ్డ ఒక్కటే. తుపాకీ ఇచ్చిన ఖజానాయే బూట్లూ ఇచ్చింది. బస్తీ పిల్లవాడికి అన్నం పెట్టిన సంస్థా, పల్లె పిల్లవాడి తండ్రిని చెట్టుకు కట్టేసిన సంస్థా ఒకటే అయినప్పుడు దాన్ని ఎలా రాయాలి? హిందీ సినిమా దీన్ని రాయలేదు సరే. మనం రాశామా? నేను చదివినంతలో మన కథల్లో పోలీసు లాఠీతోనో తుపాకితోనో వస్తాడు. సాయంత్రం మైదానంలో ఉత్త కాళ్ళతో పరుగెత్తే పోలీసు నాకు తగలలేదు. ఇది ఆత్మవిమర్శగానే చెబుతున్నాను.

జకార్తా దగ్గరా ఇలాంటి చిక్కే ఉంది. 1962 సెప్టెంబరు 4న దక్షిణ కొరియాతో ఫైనల్. తలకు గాయమైన జర్నైల్ సింగ్‌ను వెనుక వరస నుంచి తప్పించి రహీం ముందుకు పంపాడు. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. రెండుకు ఒకటి. మైదానం నిండా మనవాళ్ళను వెక్కిరించే జనం. దేశభక్తి చిత్రానికి ఆ జనం బాగా పనికొస్తారు. కాని ఏడేళ్ళ కిందట బాండుంగ్‌లో మన ప్రధానికి ఆతిథ్యమిచ్చిన దేశమది. ఇజ్రాయెల్‌నూ తైవాన్‌నూ ఇండొనేసియా రానివ్వకపోవడాన్ని భారతీయుడైన ఒలింపిక్ సంఘ సభ్యుడు జి.డి. సోంధీ తప్పుపట్టడంతో ఆ కోపం రగిలింది. ఆసియా సంఘీభావం బీటలువారుతున్న చప్పుడది. దాన్ని వట్టి శత్రువుల గోలగా వినడం చరిత్రకు చెవుడు తెప్పించడమే. ఆ గోలలో మనవాళ్ళకు చప్పట్లు కొట్టింది పాకిస్తాన్ హాకీ జట్టని ఆనాటి ఆటగాళ్ళు చెప్పుకునేవారు.

ఈ జబ్బు మన దేశానిదే కాదు. 1942 ఆగస్టు 9న, జర్మన్ ఆక్రమణలో ఉన్న కీవ్‌లో, రొట్టెల కర్మాగారంలో పనిచేస్తున్న ఆటగాళ్ళ జట్టు జర్మన్ జట్టును అయిదుకు మూడుతో ఓడించింది. గెలిచిన వెంటనే వాళ్ళను వరసగా నిలబెట్టి కాల్చేశారని పుకారు పుట్టింది. నిజానికి వారం తరువాత వాళ్ళు మరో ఆట ఆడారు. ఆపైన అరెస్టయ్యారు. ఒకరు చిత్రహింసల్లో, ముగ్గురు 1943 ఫిబ్రవరిలో సిరెట్స్ శిబిరంలో చనిపోయారు. ఈ కథను 1961లో హంగరీ దర్శకుడు జొల్తాన్ ఫాబ్రి చావుతో ముగించాడు. మరుసటి ఏడు సోవియట్ చిత్రం దాన్ని త్యాగగాథగా తీర్చింది. 1981లో జాన్ హ్యూస్టన్ దాన్ని పారిస్‌కు మార్చి, పెలేను దింపి, ఖైదీలను జనంలో కలిపి తప్పించేశాడు. మూడు సినిమాలూ మూడు వ్యవస్థల అవసరాలు. రొట్టెల కర్మాగారంలో ఆకలి మాత్రం మూడింటిలోనూ తెరకు ఆనలేదు. ముందు పుకారును దాటి చూస్తే మిగిలేది ఆ ఆకలే, ఆ మామూలు బతుకే. అదే రాయడం కష్టం.

వేరే దారి లేకపోలేదు. నాగరాజ్ మంజులే 2022లో తీసిన 'ఝుండ్' నాగపూర్ మురికివాడల పిల్లలకు ఆట నేర్పిన ఒక ఉపాధ్యాయుడి నిజకథ మీద నడుస్తుంది. అమితాబ్ ఉన్నాడు గనక దానికీ ఒక తార బెడద ఉంది. కాని రెండో సగంలో దర్శకుడు బంతిని పిల్లలకు వదిలేశాడు. కప్పు గెలవడం దగ్గర కాదు, పాస్‌పోర్టు దగ్గర, విమానాశ్రయం తనిఖీ దగ్గర కథ బిగుస్తుంది. నిడివి ఎక్కువే, కొన్నిచోట్ల విసిగిస్తుంది. అయినా అక్కడ జట్టు కనబడింది.

బలరాం 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో చనిపోయాడు. ఊపిరితిత్తుల జబ్బు వల్ల 1963లోనే, ఇరవై ఏడేళ్ళు నిండకుండానే ఆట మానిన మనిషి. తన పాత్ర ఉన్న సినిమా విడుదలయ్యేనాటికి ఆయన పోయి ఏడాది దాటింది.

హాలు బయట ఆ ముసలాయనను పలకరించాను. పోలీస్ టీములో ఎవరెవరు గుర్తున్నారని అడిగితే వేళ్ళు మడుస్తూ పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. టికెట్టు వెనుక రాసుకున్నాను. ఏడో పేరు దగ్గర బస్సు వచ్చింది. మిగతా నలుగురి పేర్లు కిటికీలోంచి అరిచి చెప్పాడుగాని, ట్రాఫిక్ చప్పుడులో నాకు వినబడలేదు.