ట్రాక్టర్ ట్రాలీల ఇరుసు అమరిక: తనిఖీ, సవరణ విధానం

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో వానాకాలం, యాసంగి కోతలు మొదలు కాగానే ట్రాక్టర్ ట్రాలీల రాకపోకలు పెరుగుతాయి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ, జూరాల ఆయకట్టులలో పండిన ధాన్యం కల్లాల నుండి కొనుగోలు కేంద్రాలకు, మిర్యాలగూడ వంటి చోట్ల రైస్ మిల్లులకు చేరేది ఎక్కువగా వీటి మీదనే. అయినప్పటికీ ఇంజనుకు ఇచ్చే శ్రద్ధ ట్రాలీ ఇరుసుకు లభించడం లేదు.

ఇరుసు వంకరగా ఉన్న ట్రాలీ ట్రాక్టరు వెనుక సూటిగా రాక, ఒక పక్కకు జరిగి నడుస్తుంది. తడి నేలపై పడిన చక్రాల జాడలను చూస్తే ఈ లోపం తెలిసిపోతుంది. రెండు ఇరుసుల ట్రాలీలలో నష్టం మరింత ఎక్కువ. ఇరుసు చివరల మధ్య వెడల్పు ఒకటిన్నర మీటరు ఉన్నచోట, ఇరు పక్కల కొలతలలో 3 మిల్లీమీటర్ల తేడా ఉన్నా, కిలోమీటరుకు సుమారు 2 మీటర్ల మేర టైర్లు అడ్డంగా రాపిడికి గురవుతాయి.

తనిఖీకి ఖాళీ ట్రాలీని చదును నేలపై సూటిగా లాగి నిలపాలి. టైర్లలో గాలి సమానంగా ఉండాలి. జాకీతో చక్రాన్ని లేపి, ఊపి, బేరింగు వదులును ముందుగా సరిచేయించాలి. చక్రాలు రెండూ ఛాసిస్‌కు సమాన దూరంలో ఉన్నవో లేవో చూడాలి. అనంతరం హుక్కు పిన్ను రంధ్రం మధ్య నుండి ఇరుసు రెండు చివరలకు టేపుతో కొలవాలి. రెండు కొలతలూ సమానంగా ఉండాలి. రెండు ఇరుసులున్నచో ముందు ఇరుసును ఇట్లు సరిచేసిన పిదపనే, దానికి సమాంతరంగా వెనుక ఇరుసును అమర్చాలి.

టైర్ల నడుమ సుద్దతో గుర్తులు పెట్టి, ఇరుసు ఎత్తున ముందు వైపు వాటి మధ్య దూరం కొలవాలి. చక్రం సగం చుట్టు తిరిగేలా ట్రాలీని జరిపి, అవే గుర్తుల మధ్య వెనుక వైపు మరల కొలవాలి. తేడా కనిపించినచో ఇరుసు వంగినదని అనుమానించాలి. వంగిన ఇరుసును గ్యాసుతో కాల్చి, సుత్తితో కొట్టి నిలబెట్టడం ప్రమాదకరం. ఆ వేడికి ఉక్కు బలం తగ్గుతుంది. అటువంటి ఇరుసును మార్చడమే క్షేమం.

ఇరుసు స్థానం మాత్రమే తప్పినచో యూ బోల్టులను వదులు చేసి, కమాను పట్టీల సెంటర్ బోల్టు తెగినదేమో చూసి, ఇరుసును జరిపి, బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. ఒకసారి బరువుతో నడిపిన తర్వాత మరల కొలిచి బిగించుట అవసరం.

2018 ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లా వద్దిపట్ల వద్ద కూలీలతో వెళ్తున్న ట్రాక్టర్ కాలువలో పడి 9 మంది మరణించారు. ఆ దుర్ఘటనకు ఇరుసు కారణమని చెప్పుట ఇక్కడ ఉద్దేశం కాదు. కాలువ గట్టుపై పొరపాటుకు ఎంత తక్కువ చోటు ఉంటుందో అది తెలియజేస్తున్నది. పక్కకు జరిగి నడిచే ట్రాలీ ఆ చోటును మరింత తగ్గిస్తుంది. సరుకుల కొరకు ఉద్దేశించిన ట్రాలీలలో మనుషులను ఎక్కించరాదు. ప్రతి కోతకు ముందు ఇరుసును తనిఖీ చేయించుకొనుట రైతులకు, డ్రైవర్లకు శ్రేయస్కరం.